డిజైన్ ఫ్రీ అన్నదెవరు?

చేతిరాతతో బతుకుతాను, శుభలేఖలూ లెటర్‌హెడ్లూ గీసిచ్చే పని పెట్టుకుంటాను అని డిగ్రీ చదివిన అమ్మాయి ఇంట్లో నోరు తెరిస్తే పెద్దవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. కంప్యూటర్ వచ్చాక రాతగాళ్లతో ఎవరికి పని? వాట్సాప్ వచ్చాక కార్డెవరు కొంటారు? సరదాకైతే రాసుకో, కూటికి మాత్రం వేరే దారి చూసుకో. ఈ మాట ఇళ్లలోనే కాదు, ఆర్ట్ కాలేజీలో పాసై బయటికొచ్చిన వాళ్ల నోటా, ఏళ్ల తరబడి ప్రెస్సు నడుపుతున్న వాళ్ల నోటా అంతే ధీమాగా వినిపిస్తుంది. ఇందులో చెప్పే సంగతులు చాలావరకు నిజమే. వాటి మీద ఇస్తున్న తీర్పే తప్పు. కంప్యూటర్ పట్టుకుపోయింది నకళ్లు రాసే పనిని. రాతగాడి కంచం ఖాళీ చేసింది మాత్రం మన ముద్రణ వ్యాపారం తనంతట తాను చేసుకున్న ఒక అలవాటు. ముద్రణకు ధర కట్టి, అక్షరానికి ధర కట్టకపోవడం. ఈ రెంటినీ కలగాపులగం చేసి నేరమంతా యంత్రం నెత్తిన రుద్దేస్తున్నాం.

అవతలి పక్షం దగ్గరున్న బలమైన సాక్ష్యంతోనే మొదలుపెడదాం. ఊరూరా గోడల మీద, షాపుల మీద, లారీల మీద రంగులతో పేర్లు రాసిన ఆర్టిస్టులు ఫ్లెక్సీ దెబ్బకు కుంచె కిందపెట్టారు. హైదరాబాద్‌లో ఉర్దూ పత్రికల పేజీలు చేత్తో రాసిన కాతిబులు 1990ల్లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ రావడంతో న్యూస్‌రూముల నుంచి లేచిపోయారు. ఇవి కాదనలేని నిజాలు, ఇళ్లకు ఇళ్లే చితికిపోయిన నిజాలు. అయితే వాళ్లు డబ్బు తీసుకున్నది దేనికో చూడండి. బోర్డు ఆర్టిస్టుకు చదరపు అడుగు లెక్క. కాతిబుకు పేజీ లెక్క. కొలత మీద అమ్మిన పని కాబట్టి, అదే కొలతను అంతకన్నా చవకగా ఇచ్చేవాడు రాగానే బేరం అటు వెళ్లిపోయింది. ఫ్లెక్సీ కూడా చదరపు అడుగు చొప్పునే అమ్ముతారు, గమనించండి. ఇక ఇన్‌పేజ్‌లో వాడిన నూరీ నస్తలీఖ్ ఎక్కడిది? మీర్జా అహ్మద్ జమీల్ అనే లిపికారుడు వేలకొద్దీ అక్షరాల కూర్పులను కలంతో రాస్తే, వాటి ఆధారంగా మోనోటైప్ సంస్థ 1981లో తెచ్చిన లిపి అది. కాతిబుల చేతిలోంచి పేజీని లాక్కున్నది కూడా ఒక కాతిబు చేతిరాతే. రాతకు విలువ పోలేదు, ఒకసారి రాసిన రాత లక్ష సార్లు అచ్చయ్యేటప్పుడు దాని హక్కు ఎవరి దగ్గరుందన్నదే అసలు ప్రశ్నగా మారింది. హైదరాబాద్ ఛత్తా బజార్లో ఇప్పటికీ శుభలేఖల దుకాణాలు వరసగా ఉన్నాయి. అక్కడ లేనిది గిరాకీ కాదు.

యంత్రం వస్తే చేతిరాత చస్తుందన్నది నిజమే అయితే 1455 ప్రాంతంలో గుటెన్‌బర్గ్ బైబిల్ అచ్చయినప్పుడే అది జరగాలి. జరిగిందేమిటంటే, నాలుగున్నర శతాబ్దాలు గడిచాక, అచ్చు యంత్రాలు వీధివీధినా మోగుతున్న లండన్‌లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే యువకుడు వైద్య విద్య వదిలేసి బ్రిటిష్ మ్యూజియంలో పాత చేతిరాత గ్రంథాల ముందు కూర్చున్నాడు. వెడల్పు పాళీని ఏ వాలులో పట్టుకుంటే ఆ అక్షరాలు వస్తాయో తనంతట తాను కనిపెట్టాడు. 1899లో సెంట్రల్ స్కూల్‌లో పాఠాలు మొదలుపెట్టాడు, 1906లో పుస్తకం రాశాడు. ఆ చేతినే లండన్ భూగర్భ రైల్వే వెతుక్కుంటూ వచ్చింది. 1916లో అక్కడ వాడుకలోకి వచ్చిన ఆయన అక్షరాలు కొద్దిపాటి సవరణలతో ఇవాళ్టికీ ఆ స్టేషన్ల మీద ఉన్నాయి. జర్మనీలో హెర్మన్ జాప్ఫ్ కథ కూడా అలాంటిదే. జాన్‌స్టన్ పుస్తకం, రుడాల్ఫ్ కోఖ్ పుస్తకం దగ్గర పెట్టుకుని సొంతంగా రాత నేర్చుకున్నాడు. పాలటినో వంటి అచ్చక్షరాలు గీశాడు. 1960లో ఐక్యరాజ్యసమితి ఛార్టర్ ప్రవేశికను నాలుగు భాషల్లో చేత్తో రాసిచ్చాడు. 1998లో తన చేతిరాతనే జాప్ఫినో పేరుతో కంప్యూటర్ ఫాంటుగా విడుదల చేశాడు. పాళీ, సీసపు అచ్చు, కంప్యూటర్ మూడూ ఆయన బల్ల మీదే ఉన్నాయి. ఇంకా దగ్గరి కాలానికి వస్తే, అమెరికాలో మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్ మఠం 1998లో డొనాల్డ్ జాక్సన్ అనే లిపికారుడికి బైబిల్ మొత్తం చేత్తో రాసే పని అప్పజెప్పింది. ఆయన బృందం 2011లో దాన్ని పూర్తిచేసింది. ఏ వాక్యం ఏ వరసలో ఎక్కడ విరగాలో ముందుగా కంప్యూటర్లో వేసుకుని, ఆ తర్వాత ఈకతో దూడచర్మం మీద రాశారు. దాని ముద్రిత ప్రతులు 299 సెట్లకే పరిమితం చేసి అమ్మారు. ఇందులో కంప్యూటర్ శత్రువెక్కడ?

అదంతా దొరల సంగతి, మన దగ్గర అలా కుదరదు అంటారు. మన దగ్గరి ఉదాహరణ అంతకన్నా గట్టిది. భారత రాజ్యాంగం మూల ప్రతిని టైపు చేయలేదు. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయజాదా ఇంగ్లిష్‌లో, వసంత్ కృష్ణ వైద్య హిందీలో చేత్తో రాశారు. పుటలకు నందలాల్ బోస్, ఆయన శాంతినికేతన్ శిష్యులు చిత్రాలంకారం చేశారు. ఆ ప్రతిని డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఫొటో తీసి లిథో పద్ధతిలో అచ్చువేశారు. అచ్చు యంత్రాలు దండిగా ఉన్న రోజుల్లో ఒక కొత్త దేశం తన అత్యంత ముఖ్యమైన కాగితానికి మనిషి చేతిని ఎంచుకుంది. అయితే ఈ సంగతిని మనం చెప్పుకునే తీరులోనే జబ్బు ఉంది. నెహ్రూ ఎంత తీసుకుంటారని అడిగితే రాయజాదా పైసా వద్దన్నారనీ, ప్రతి పుటలో తన పేరు, చివరి పుటలో తన తాతగారి పేరు ఉంటే చాలన్నారనీ పిల్లలకు మురిసిపోతూ చెబుతాం. ఆయన త్యాగం ఆయన పెద్దరికం, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ రాతగాడి గురించి మన జాతి మొత్తం గుర్తుపెట్టుకున్న ఒకే ఒక్క కథ అతను డబ్బు తీసుకోలేదన్నదే. పార్లమెంటు కట్టిన కాంట్రాక్టరు గురించి అలాంటి కథ ఎవరూ చెప్పరు. అక్షరం సరస్వతి కాబట్టి అమ్మకూడదనే మర్యాద ముసుగులో ఒక పనివాడి కూలి ఎగ్గొట్టడం మనకు తేలికైపోయింది.

ఆ ఎగవేత ప్రెస్సులో ఎలా నడుస్తుందో చూడండి. శుభలేఖల దుకాణానికి వెళ్తే ముందు ఆల్బమ్ పెడతారు. శివకాశి నుంచో, ఢిల్లీ చావడీ బజార్ నుంచో వచ్చిన రెడీమేడ్ కార్డులవి. వినాయకుడి బొమ్మ, బంగారు ఫాయిల్, పూలతీగె అన్నీ ముందే అచ్చయి ఉంటాయి, మధ్యలో ఖాళీ మాత్రం మనది. కార్డుకింత, స్క్రీన్ ప్రింటింగ్‌కింత, కవరుకింత అని రేటు చెప్పి చివర్లో ఊరింపుగా ఒక మాట కలుపుతారు: డిజైన్ ఫ్రీ అండీ. లోపల కంప్యూటర్ దగ్గర కూర్చున్న డీటీపీ కుర్రాడు నిరుడు చేసిన ఫైలు తెరిచి, పేర్లూ తేదీ మార్చి, అను ఫాంట్లలో అలవాటైన రెండింటిని వాడేసి పావుగంటలో ప్రూఫు ఇస్తాడు. ఆ పావుగంట పనికి నిజంగానే ధర లేదు. తప్పేమిటంటే, ఆ ఫ్రీ అనే మాట అక్కడితో ఆగలేదు. మొత్తం అక్షర విన్యాసానికే అది రేటుగా స్థిరపడిపోయింది. రెండు రోజులు కూర్చుని కొత్తగా గీసిచ్చేవాడు వచ్చి ధర చెబితే, పక్క షాపులో ఫ్రీగా ఇస్తుంటే నీకెందుకివ్వాలి అంటాడు గిరాకీ. అతని తప్పు లేదు. రెంటికీ తేడా ఉందని అతనికి బిల్లులో ఎవరూ ఎప్పుడూ చూపించలేదు.

తేడా ఎంతుందో ఒక్క పేరు మీద చూపించవచ్చు. ‘లక్ష్మి’ అని రాయాలి. క కింద ష వత్తు, దాని పక్కన మ వత్తు, పైన గుడి. మొత్తం పేరులో ఆ ఒక్క అక్షరమే పైకీ కిందికీ చొచ్చుకుపోతుంది. ఫాంటులో వేస్తే కింది వరసలోని గుడులు ఆ వత్తులకు తగలకుండా వరసల మధ్య దూరం పెంచుతారు, అప్పుడు వత్తుల్లేని వరసల దగ్గర కార్డు బోసిగా తొర్రలు పడుతుంది. రాసేవాడు అలా చేయడు. మ వత్తును కాస్త పక్కకు సాగదీసి కింది పేరులోని ఖాళీలోకి దించుతాడు, గుడిని లాగి పై వరస చివరతో కలుపుతాడు, గండమనుకున్నదే కార్డుకు కన్నుగా మారుతుంది. తలకట్టు సంగతి మరీ చిక్కు. మొనపాళీతో రాసేవాళ్లకు తెలుసు, గీత కిందికి లాగేటప్పుడు నొక్కితే లావెక్కుతుంది, పైకి తోసేటప్పుడు నొక్కితే పాళీ కాగితంలో దిగబడి సిరా చిమ్ముతుంది. తలకట్టు కుడిచేయి పైకే పోతుంది. కాబట్టి పాళీ ఇష్టానికి వదిలితే అది వెంట్రుకలా సన్నబడుతుంది, కంటికేమో అక్కడ బలం కావాలి. అందుకని దాన్ని విడిగా, పై నుంచి కిందికి గీయాలా, సన్నదనాన్నే అందంగా నిలబెట్టాలా అని ప్రతిసారీ నిర్ణయించుకోవాలి. ఇంగ్లిష్ కాపర్‌ప్లేట్ నేర్పే పుస్తకాల్లో దీనికి జవాబు దొరకదు. తెలుగు రాతకు ఇంత పని మిగిలి ఉండగా, ఫాంట్లు వచ్చేశాయిగా అనేవాళ్లు ఫాంటు ఎంతవరకు వస్తుందో చూడనివాళ్లు. సిలికానాంధ్ర పుణ్యమా అని పెద్దన, తిమ్మన, మల్లన్న, గిడుగు, గురజాడ లాంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అవి పుస్తకం నిండా పారే మాటకు ఎంతో మేలు చేశాయి. రెండు కుటుంబాల పేర్లు మాత్రమే ఉన్న కార్డు ముఖానికి వేరే ఆలోచన కావాలి. బాపు రాత తెలుగువాళ్లకు అంత ప్రియమైంది కూడా అది ఫలానా మనిషి చేయి అని చూడగానే తెలిసిపోవడం వల్లే.

ఇక వాట్సాప్. ఆహ్వానం ఫోన్లోకి మారడం వల్ల అచ్చయ్యే కార్డులు తగ్గుతాయి, ఒప్పుకోవాల్సిందే. కానీ తగ్గేవి ఏవి? దూరపు పరిచయస్తులకు పోస్టులో వేసే కార్డులు. మిగిలేవి ఏవి? దేవుడి దగ్గర పెట్టేది, తిరుమల వెంకన్నకు పంపేది, అంచులకు పసుపు రాసి పెద్దల ఇంటికి వెళ్లి బొట్టుపెట్టి చేతికిచ్చేవి. వెయ్యి కార్డులు కొట్టించే ఇంట్లో రెండు వందలతో సరిపెట్టారనుకోండి, నష్టపోయేది వెయ్యి మీద లాభం లెక్కేసుకునే రెడీమేడ్ వ్యాపారం. ఆ రెండు వందలు ఎవరికి ఇస్తున్నారో ఒక్కొక్కటీ ఆలోచించి ఇస్తారు కాబట్టి అవి బాగుండాలనే పట్టుదల పెరుగుతుంది. పైగా ఫోన్లో వెళ్లే ఆహ్వానం మీద ఉన్నదేమిటి? అక్షరాలేగా. ఒకసారి రాసిన పేర్లు కార్డుకు, ఫోన్ ఆహ్వానానికి, మండపం ముఖద్వారానికి, తాంబూలం సంచికి అన్నింటికీ పనికొస్తాయి. ముద్రణ మీద బతికేవాడికి ఇది గడ్డుకాలమే. అక్షరం మీద బతికేవాడికి ఒకే పని నాలుగు చోట్ల పలికే కాలం.

తెలుగువాళ్లు చేతిపనికి డబ్బు తీయరన్న మాట కూడా పరీక్షకు నిలవదు. మగ్గం వర్క్ చూడండి. జాకెట్టు ముక్క వందల్లో దొరుకుతుంది, దాని మీద జర్దోసీ కుట్టించడానికి అదే కుటుంబం వేలు పెడుతుంది, పైగా మిషన్ ఎంబ్రాయిడరీ కాదు కదా అని రెండుసార్లు అడిగి మరీ ఇస్తుంది. యంత్రం చేసే చవక పని పక్క షాపులోనే ఉన్నా ఇస్తుంది. ఎందుకంటే మగ్గం పనివాళ్లు గుడ్డకింత, కుట్టుకింత, వర్కుకింత అని మొదటి నుంచీ విడివిడిగా చెప్పారు. ఏ టైలరూ వర్క్ ఫ్రీ అని బోర్డు పెట్టలేదు. అదే జనం, అదే పెళ్లి, అదే బడ్జెట్. కాబట్టి రుచి లేదనీ, స్తోమత లేదనీ గిరాకీని తిట్టడం మానేస్తే మంచిది.

ఇంత చెప్పాక ఈ పని పూలబాట అనుకోకూడదు. అవతలివాళ్ల వాదనలో నేను సంపూర్ణంగా ఒప్పుకునేది ఒకటుంది. కేవలం పెళ్లిళ్లను నమ్ముకుంటే బతకడం కష్టం. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో కార్డు అడిగేవాడుండడు. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే మరికొన్ని వారాలు ఖాళీ. ఆ తర్వాత ముహూర్తాలన్నీ ఒక్కసారి మీద పడతాయి. లెక్క కూడా గట్టిగా వేసుకోవాలి. ఊహకు, రెండు వందల కవర్ల మీద పేర్లు రాసే పని వచ్చిందనుకుందాం. కవరుకు నాలుగు నిమిషాలు పడితే 13 గంటల పైచిలుకు. కవరుకు 25 రూపాయలంటే మొత్తం 5,000, గంటకు 375. ఇందులో చెడిపోయిన కవర్లు, గీతలు కొట్టుకునే సమయం, పేర్ల జాబితాలో తప్పులు దిద్దించుకునే ఫోన్లు లేవు. కవర్లే రాస్తూ కూర్చుంటే అది మళ్లీ పేజీ లెక్క కూలే. అందుకే ఈ వృత్తిలో నిలబడాలంటే ఏడాది పొడవునా ఉండే పని పట్టాలి. షాపు పేరు, పుస్తకం అట్ట, సినిమా టైటిల్, పచ్చళ్ల సీసా మీది చీటీ, బడి ఇచ్చే ప్రశంసాపత్రం, అమెరికా తెలుగు సంఘాలైన తానా, ఆటా సభల సంచికల ముఖచిత్రం ఇవన్నీ ముహూర్తం చూసుకోవు. అన్నింటికన్నా ఎక్కువగా చేజార్చుకుంటున్నది సన్మానపత్రం. తెలుగునాట వారం వారం ఎక్కడో ఒకచోట శాలువా కప్పి, ఫ్రేము కట్టిన కాగితం చేతికిస్తారు. అంత గొప్ప మాటలూ నాసిరకం డిజిటల్ ప్రింటులో, నాలుగు మూలలా క్లిప్ ఆర్ట్ పూలతో ఉంటాయి. తీసుకున్నాయన దాన్ని బీరువా వెనక పెట్టేస్తాడు, పాపం ఆయన్ననేదేముంది.

కృత్రిమ మేధ బొమ్మలు గీసేస్తోంది కదా అనేది తాజా అభ్యంతరం. తెలుగు వత్తులు అది తప్పుగా వేస్తోందని నవ్వుకునేవాళ్లున్నారు, నేను ఆ నవ్వు మీద వాదన నిలబెట్టను. ఇవాళ తప్పు వేసింది రేపు దిద్దుకోవచ్చు. నా జవాబు వేరు: శుభలేఖ పనిలో సగం గీత కాదు, మాట్లాడటం. తాతగారి పేరు ముందా, పెదనాన్నగారి పేరు ముందా, విడిపోయిన బాబాయి పేరు వేయాలా వద్దా, ఇంటిపేరు మొత్తం రాయాలా పొడి అక్షరం చాలా, ఇవన్నీ తేల్చి, ప్రూఫు మీద ఇరువైపుల పెద్దల చేతా సరే అనిపించి, తప్పు దొర్లితే నాదే బాధ్యత అని నిలబడే మనిషికి ఇచ్చే డబ్బది. ఇక యంత్రం ఒకరి శైలిని ఎత్తుకుపోతుందన్న భయం నిజమైనదే. దానికి విరుగుడు కుంచె దాచుకోవడంలో లేదు, కాగితం రాసుకోవడంలో ఉంది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎంతకాలమో రాసుకోకపోతే అయిదేళ్లే చెల్లుతుంది, ఎక్కడెక్కడో రాసుకోకపోతే భారతదేశం వరకే. షాపుకు పేరు గీసిచ్చి నోటిమాట మీద డబ్బు పుచ్చుకునేవాళ్లలో ఈ సెక్షన్ తెలిసినవాళ్లెందరు? అక్షరాన్ని ఎక్కడ, ఎన్నాళ్లు, ఎన్ని ప్రతులకు వాడుకుంటారో దాన్నిబట్టి ధర కట్టడం నేర్చుకున్న రోజున రాతగాడు కూలీగా ఉండడు.

కూటికి రాదనే నిరాశకు తోబుట్టువు లాంటి ఇంకో అబద్ధం కూడా తిరుగుతోంది. రెండు రోజుల వర్క్‌షాపులో చేరండి, బ్రష్ పెన్నుల సెట్ కొనండి, నెల తిరక్కుండా సంపాదించండి అనే ప్రచారం. దానికి తోడుగా స్టీవ్ జాబ్స్ రీడ్ కాలేజీలో రాత నేర్చుకున్న కథ తప్పనిసరి. ఆ కథలో బాగుపడింది కంప్యూటర్, పాఠం చెప్పిన రాబర్ట్ పల్లడీనో పేరు ఎవరికీ గుర్తుండదు. నేర్చుకున్నవాళ్లు మళ్లీ నేర్పడమే తప్ప గిరాకీకి పని చేసిచ్చేవాడు లేని గొలుసు ఎక్కువ రోజులు సాగదు. జాన్‌స్టన్ మ్యూజియంలో కూర్చున్నట్టు మనవాళ్లు తాళపత్రాల ముందు, శాసనాల ముందు, వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలోని పాత పత్రికల అట్టల ముందు కూర్చోవాలి. దానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో తిండికి ఆసరా కావాలి. ప్రభుత్వాలకు మాత్రం ఇదొక వృత్తి అనే ఎరుకే ఉన్నట్టు లేదు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, పూలదండలు కట్టేవారున్నారు, చేపల వలలు అల్లేవారున్నారు, వాళ్లు ఉండాల్సిందే. బోర్డులు రాసేవారు, లిపికారులు మాత్రం ఆ జాబితాలో లేరు.

పథకాలు వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటి ప్రెస్సుల యజమానుల చేతిలోనే ఉంది. శ్రావణ మాసం ముహూర్తాల రద్దీ మొదలయ్యేలోగా కొత్త బిల్లు పుస్తకం కొట్టించుకోండి. అందులో కాగితం ఇంత, ముద్రణ ఇంత, అక్షరాలు ఇంత అని మూడు గడులు పెట్టండి. పాత ఫైలులో పేర్లు మార్చి ఇస్తే మూడో గడిలో సున్నా వేయండి, కొత్తగా గీయిస్తే గీసినవాడి ధర వేయండి. గోడ మీది ‘డిజైన్ ఫ్రీ’ బోర్డు తీసేయండి.